పిడికెడు పిడికెడు బియ్యం

మొగిలి కడుపునిండ తిని ఎనిమిది నెలలైంది. ముందట పెట్టిన అన్నంల నాలుగు ముద్దలు మింగి, "ఆకలి లేదే" అని కంచంలనే చెయ్యి కడిగేటోడు. మేడ పనిల పరంజె మీదికెళ్లి కింద పడి కాలు విరిగిన కాడ్నించి గదే వరుస. ఎముకైతే అతుక్కుంది గని కూలిపని మళ్ల దొరకలే. హైటెక్ సిటీల అద్దాల ఆఫీసుల నేల తుడిచి ఈరమ్మే ఇల్లు నడుపుతున్నది. దవాఖానల డాక్టరు ఏ రోగం లేదన్నడు. రోగమేందో ఈరమ్మకు ఎరుకే. పెండ్లాం కష్టం మీద కూసొని తినాలంటే ఆయనకు ముద్ద గొంతు దిగుతలేదు. మగోళ్ల రోషమంతే, కడుపు మాడ్చుకుంటది గని నోరు తెరిచి చెప్పది. అంగి ఇప్పినప్పుడు ఆయన తేలిన పక్కబొక్కలు చూస్తే ఆమెకు భయమైతున్నది.

గంతల్నే తెలంగాణ కోసం రోడ్ల మీద వంటా వార్పు చెయ్యాలని పిలుపొచ్చింది. బస్తీ పెద్దమనిషి కిష్టయ్య వచ్చి, "చెల్లే, వంద మందికి వంట. బగారన్నం, వంకాయ కూర, ఇగ పాయసం..." అని చేతి ఏళ్లు మడిచి లెక్క పెట్టిండు.

"ఏందన్నా, పెండ్లి చేస్తున్నవా?" అన్నది ఈరమ్మ. "రోడ్డు మీద రాళ్ల పొయ్యి. అన్నం, పచ్చిపులుసు, ఇంత మామిడి తొక్కు. పులుసుకు పొయ్యే అక్కర్లే. పోలీసులొచ్చి లెవ్వుమంటే గిన్నె చంకన పెట్టుకొని లేవొచ్చు." తర్వాత గొంతు తగ్గించింది. "బియ్యం కొనొద్దు. ఇంటింటికి పిడికెడు అడగాలె. అడిగేటందుకు మా ఆయనను తోలు. నేను చెప్పిన్నని అనకు."

మొగిలి కుంటుకుంటనే గల్లీలన్నీ తిరిగిండు. మొదటి గడప కాడ నోరే రాలేదట. పదో గడపకొచ్చేసరికి, "తెలంగాణకు పిడికెడు బియ్యం పెట్టుండ్రి" అని గట్టిగనే అడిగిండట. పొద్దుమీకేసరికి గోనెసంచి నిండింది.

ఆదివారం పొద్దున పెద్ద రోడ్డు మీద ఒక్క బండి లేదు. తారు కరగకుంట ఇసుక పోసి, రాళ్లు పెట్టి ఈరమ్మ పొయ్యి ముట్టిచ్చింది. మబ్బు పట్టి ఉంది. పొగ మెల్లగ లేచి ఎదురుంగున్న మేడ అద్దాల మీదికి పాకుతుంటే, ఆ అద్దాలల్ల ఇంకో పొయ్యి, దాని ముందట ఇంకో ఈరమ్మ. ఆ ఈరమ్మకు ముడతలు లేవు. ఆ మేడకు మొగిలి పునాది తవ్వేటప్పుడు ఇక్కడన్నీ రాతిగుండ్లు, సీతాఫలం చెట్లే. కొత్త పెండ్లికూతురు ఈరమ్మ గిట్లనే రాళ్లు పెట్టి వండేది. మొగిలి తట్ట దించి, చేతులన్న కడగకుంట గిన్నె మూత లేపి, "ఏం వండినవే?" అనేటోడు. ఇప్పుడు పొగల ఆ మాటే ఇనబడ్డట్టయి తల తిప్పి చూసింది. ఎనుక ఎవ్వలు లేరు.

ఆ కలవరంలనే తప్పు చేసింది. రేషన్ దొడ్డుబియ్యం, సన్నబియ్యం, పాతయి, కొత్తయి ఏరుపరచకుంట అన్నీ ఒక్క పెద్ద వంటగంజుల పోసింది. సన్నయి జావైనయి, దొడ్డయి పలుకు మీదనే ఉన్నయి, అడుగు మాడింది. ఇన్నేండ్ల వంట ఇయ్యాల వంద మంది ముందట ఇజ్జత్ తీసిందని ఈరమ్మకు తల కొట్టేసినట్టయింది.

జనం రోడ్డు మీదనే బంతిల కూసున్నరు. మొగిలి కాలు చాపుకొని బంతి చివర్ల కూసున్నడు. అలవాటు కొద్దీ ఈరమ్మ ఆయనకు నాలుగు ముద్దలే పెట్టి జరిగింది. మళ్ల వచ్చేసరికి ఇస్తారి ఖాళీ.

"ఇంక పెట్టు" అన్నడు.

"బాగ లేదయ్యా. పలుకుంది."

"పలుకున్నయి చెన్నమ్మ ఇచ్చిన రేషన్ బియ్యం," అని మొగిలి ఏలితోని మెతుకులు జరిపి చూపిచ్చిండు. "మెత్తగైనయి లింగయ్య ఇంటియి. గీ ఎర్రగున్నయి నీలమ్మ పెట్టినయి, పాతయి, గడప కాడ నన్ను ఎంతసేపు నిలబెట్టిందో. అన్నీ నేను తెచ్చినయే."

ఈరమ్మ పెట్టింది. తిన్నడు. మళ్ల పెట్టింది. పులుసు పోసుకొని జుర్రి, ఇస్తారి మడిచి లేచిండు. ఖాళీ గోనెసంచి దులిపి భుజం మీదేసుకున్నడు. నాలుగడుగులు కుంటి, ఎనుకకు తిరిగిండు.

"రాత్రికి ఏం వండుతవే?"

ఈరమ్మకు ఏడుపొచ్చింది. గరిటెతోని గంజు అడుగు మాడు గీకబట్టింది.

"నువ్వేదంటే గది" అన్నది.