కప్పులేని గడీ

బిక్షాన్ని గడీలోకి ఈడ్చుకుపోయే ముందు దొర మనుషులు అతని కుడిచేతి వేళ్ళను రోకలితో చితక్కొట్టారు. దొరల మీద తిరగబడ్డ దళానికి జొన్నరొట్టెలు అందించిన చెయ్యట అది. శనివారం మిర్యాలగూడ నుంచి రజాకార్ల లారీ వచ్చి అతన్ని ఎక్కించుకుపోతుంది. ఆ నలభై ఏడో సంవత్సరంలో లారీ ఎక్కినవాడు తిరిగి రావడం గరిడేపల్లి చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. లారీ రాకముందే గడీ మీద పడి అతన్ని ప్రాణాలతో తేవాలి. బిక్షం నాకు వరసకు అన్న. ఆ దళంలో నేనూ ఉన్నాను.

మాలో ఎవ్వరం ఆ గడీ లోపలికి అడుగుపెట్టినవాళ్ళం కాదు. చుట్టూ మూడు నిలువుల గోడ, బయటికి ఒక్క కిటికీ లేదు. లోపలి సంగతి తెలిసింది బిక్షం భార్య పెంటమ్మకే. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ వాకిళ్ళు వెట్టికి ఊడుస్తోంది. మొగుణ్ణి లోపల కట్టేశాక కూడా ఊడవడం మాన్పించలేదు. అదీ దొరతనం!

మా నాయకుడు జైరాం కోదాడ వైపువాడు. "లోపల ఎట్లా ఉంటుందో చెప్పక్కా" అని అడిగాడు.

"చెప్పుడు నాకు రాదు తమ్మీ. చేసి సూపిస్త" అంది పెంటమ్మ.

గుట్ట కింద చదును బండ మీద పుట్టమన్ను తడిపి కూర్చుంది. ఏటేటా పిల్లల పండక్కి మన్నుతో బొడ్డెమ్మను చేసిచ్చే చేతులవి. చూస్తుండగానే గడీ లేచింది. వాకిలి, పశువుల కొట్టం, దాని ముందు చిటికెడు గడ్డివామి, కొబ్బరిచిప్ప బావి, పుల్లల స్తంభాలు, చెట్టుకు బదులు తంగేడు రెమ్మ. వడ్లకొట్టులో ఒక మక్కగింజ గుచ్చింది.

"మీ బిక్షం గీడనే ఉంటడు. గంజి గిన్నె గీ దిక్కే తీస్కపోతరు" అంది.

లోపలి గోడలను సగం ఎత్తులోనే ఆపేసింది. పైన కప్పు వేయలేదు. జైరాం మహా సంబరపడ్డాడు.

"కప్పు లేకపోవడమే మంచిదక్కా. లోపలంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తోంది" అన్నాడు.

చింతగింజలు మేం, గవ్వలు దొర మనుషులు. ఆ మధ్యాహ్నమంతా పచ్చీసు ఆడినట్టు ఆడాం. ఎటు నుంచి నడిపినా చింతగింజలే గెలిచాయి. గవ్వను పడగొట్టినప్పుడల్లా "సచ్చిండు కొడుకు!" అని కేకలు. అబద్ధమెందుకు, నా ఒళ్ళు కూడా పొంగిపోయింది. మన్ను గడీ మీద గెలవడానికి ఏం పోయింది?

శుక్రవారం పొద్దు పొడుస్తుండగా పెంటమ్మ ఎప్పటిలా చీపురుతో వెళ్ళి దర్వాజ తట్టింది. గడియ తీసినవాడి గొంతులో నేనే బరిసె దించాను. వెచ్చని నెత్తురు నా మోచేతి దాకా కారింది. లోపల అన్నీ పెంటమ్మ చేసినట్టే ఉన్నాయి. కుడివైపు కొట్టం, ఎడమవైపు బావి, అడుగు తేడా లేదు. కొట్టం దగ్గర కునుకుతున్న ఇద్దర్ని మావాళ్ళు గొడ్డళ్ళతో నరికారు. వడ్లకొట్టు తలుపు పగలగొట్టాం. అందులో బిక్షం లేడు. బస్తాల వెనక నుంచి మెట్లు పైకి పోతున్నాయి.

అప్పుడు నెత్తి మీద తుపాకులు పేలాయి. వాకిలి చుట్టూ పైన కర్రకటకటాల మేడ ఉంది, దాని నిండా దొర మనుషులున్నారు. జైరాం పుర్రె సగం ఎగిరిపోయి బావి గట్టు మీద పడింది. పారిపోబోయిన వాళ్ళను దర్వాజ దగ్గరే పిట్టల్ని కొట్టినట్టు కొట్టారు. పేగులు చేత్తో పట్టుకుని ఒకడు అమ్మా అమ్మా అంటూ పాకుతున్నాడు.

"వదినా, పైన మేడున్నదని చెప్పకపోతివేందే!" అని అరిచాను.

"నాకెట్ల ఎరుకరా? వాకిట్ల తలెత్తితె కండ్లల్ల కారం కొడతరు!"

నడుం వంచి ఊడ్చే మనిషికి కనబడినంతే గడీ. తప్పంతా పెంటమ్మదేనని తర్వాత తీర్పు చెప్పిన పెద్దమనుషులున్నారు. వాళ్ళ నోట్లో మన్నుపడ!

అరుస్తూనే ఆమె తలెత్తింది. ఎదురుగా మేడ మీద, స్తంభానికి కట్టేసి, నోట్లో గుడ్డ కుక్కి, బిక్షం.

పెంటమ్మ చచ్చినవాడి చేతిలోని గొడ్డలి లాక్కుని మెట్లెక్కింది. వెనకే నేను. మేడ మీద మిగతావాళ్ళంతా దర్వాజ వైపు గుమిగూడి పారిపోయేవాళ్ళను కొడుతున్నారు, ఈ కొసన ఇద్దరే ఉన్నారు. తుపాకీలో మందు దట్టించుకుంటున్నవాణ్ణి మోకాలి మీద నరికింది, పడ్డాక మెడ మీద నరికింది. ఇంకొకడు బిక్షం కడుపుకు తుపాకీ ఆనించాడు. నా బరిసె వాడి వీపులో దిగింది గాని, అప్పటికే అది పేలింది.

కట్లు కోసి, నోట్లో గుడ్డ తీసి, పెంటమ్మ అతన్ని ఒళ్ళో వేసుకుంది. కడుపులోంచి నెత్తురు బుగబుగ పొంగుతోంది. నేను గుడ్డ అదిమి పట్టినా ఆగలేదు.

"దినాం గీడికెల్లి నిన్నే సూస్తుంటి పెంటీ" అన్నాడు బిక్షం. "నా కాళ్ళ కిందనే ఊడిస్తివి. ఒక్కపారన్న మీదికి సూడకపోతివి."

"సూస్తున్న. ఇగో, సూస్తున్న" అంది పెంటమ్మ, రెండు చేతుల్తో అతని మొహం పట్టుకుని.

అప్పటికే అతని కళ్ళు నిలిచిపోయాయి.