చొక్కా జేబులో టీకా

ఆ ఆదివారం గాజువాకలోని ఓ సందులో జాన్‌బాబు ఇంటి ముందు చిన్న సందడి. ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేసే జాన్‌బాబు, రెండో తరగతి చదువుతున్న కూతురు ప్రసన్నకుమారి పోరు పడలేక కుక్కపిల్లను తెచ్చాడు. దానికి సూది వేయడానికి నాగవంశీ బండి మీద వచ్చాడు. ఒకప్పుడు పశువుల మందుల షాపులో సాయంగా ఉన్న నాగవంశీని సందులో అందరూ డాక్టరనే పిలిచేవారు.

“రేబీస్ సూది ఏసీసేను బావా. ఇంక బెంగెట్టుకోకు,” అన్నాడు అతను.

మందుసీసా అతని చొక్కా జేబులోంచి వచ్చింది. ఎండలో ఎంతసేపు తిరిగి వచ్చిందో ఎవరూ అడగలేదు. మనమూ అడగము. పిలిస్తే ఇంటికొచ్చే మనిషి దొరికితే చాలనుకుంటాం.

కొద్దిరోజులకు పశువైద్యుల జాతీయ సంఘం వారు ఆ సందు చివర ఉచిత టీకా శిబిరం పెట్టారు. సంఘం తరఫున వచ్చిన డాక్టర్ అనూరాధ గడపగడపకూ తిరిగింది. “టీకా మందు చల్లగా ఉండకపోతే పనిచేయదమ్మా. అర్హత లేనివాళ్లు వేస్తే మరోసారి వేయించండి,” అని బతిమాలింది.

ప్రసన్నకుమారి తల్లి దేవకుమారి కుక్కపిల్లను ఎత్తుకుని బయలుదేరబోయింది. జాన్‌బాబు ఆపాడు.

“మనోడు ఏసీసేడు కదా, మళ్లీ ఏటి? ఆడి పొట్ట మీద కొట్టడానికొచ్చేరు ఈళ్లు.”

ఆమె ఆగిపోయింది.

తర్వాత ఒకరోజు ఆటలో కుక్కపిల్ల పాప వేలు కొరికింది. సూది వేసిన కుక్కే కదా అని పసుపు అద్దారు. వారం తిరక్కుండా కుక్కపిల్ల చచ్చిపోయింది. పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. పెద్దవాళ్లకు అనుమానమైనా రాలేదు.

నెల దాటాక పాపకు జ్వరం వచ్చింది. “దాహమేత్తందమ్మా,” అంది. గ్లాసు నోటి దగ్గరకు తేగానే గొంతు బిగుసుకుపోయి, భయంతో తోసేసింది. మళ్లీ దాహమని ఏడ్చింది. పెద్దాసుపత్రి డాక్టరు అడిగిన మొదటి మాట, “కుక్క కరిచిందా?” దేవకుమారి పాప వేలు పట్టి చూపించింది. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక ఎవరూ చేయగలిగింది లేదు. తడిగుడ్డతో పెదవులు తడుపుదామన్నా బిడ్డ వణికిపోతుంటే, ఆ తల్లి గుడ్డను గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. తెల్లారేసరికి ప్రసన్నకుమారి లేదు.

సమాధుల దగ్గర నాగవంశీ జాన్‌బాబు కాళ్ల మీద పడ్డాడు. “నాకు తెలీదు బావా! నిజంగా తెలీదు!” అతన్ని కొట్టడానికి జాన్‌బాబుకు చెయ్యి లేవలేదు. ఓదార్చడానికీ లేవలేదు.

సంఘం వారు మళ్లీ శిబిరం పెట్టారు. దుఃఖంలో ఉన్న ఇంటి ముందు మైకు వద్దని అనూరాధ ఆపించింది. దేవకుమారే బయటికి వచ్చి మైకు అడిగి తీసుకుంది.

“కుక్కపిల్లకి ఏటీ తెలీదు. సూదేసినోడికీ తెలీదు. తెలిసిన డాక్టరమ్మ మా గుమ్మంలోకొచ్చి సెప్పింది. మాం ఇన్లేదు. మీరైనా ఇనండి. సదువుకున్న డాక్టరు సేతే టీకా ఏయించండి. కుక్క కరిత్తే, అది సూదేసిన కుక్కయినా సరే, సబ్బెట్టి బాగా కడిగి ఆ పూటే ఆసుపత్రికి ఎల్లండి. నమ్మకం పేనాలు కాయదమ్మా, సరైన టీకాయే కాత్తాది.”