యిర్మీయా పాఠం ఆగిన ఆదివారం

ప్రవక్తను గోతిలోకి దించే చోటికి రాగానే, వుడ్‌ల్యాండ్స్ ఫ్లాట్‌లో చేరిన ఇరవైమందీ అయ్యో అన్నారు. ఒకావిడ కొంగుతో కళ్ళు కూడా ఒత్తుకుంది. బైబిలు పాఠం చెబుతున్న ప్రభావతికి ఒళ్ళు మండిపోయింది. రెండున్నర వేల ఏళ్ళ కిందట చచ్చిపోయిన మనిషి మీద ఎంత జాలి! పైసా ఖర్చు లేని జాలి.

నాలుగు ఆదివారాలుగా యిర్మీయా పడ్డ కష్టాలే ఆమె పాఠం. కొట్టించారు, కాళ్ళను బొండకొయ్యలో బిగించారు, ఆయన మాటలు రాయించిన గ్రంథపు చుట్టను రాజు చాకుతో కోసి కుంపట్లో పడేశాడు. ఇవాళ గొయ్యి. అందులో నీళ్ళు లేవు, ఉన్నదంతా బురదే.

ఎంత చదివినా ఆమె ధ్యాస శుక్రవారం వచ్చిన ఫ్యాక్స్ మీదే ఉంది. ఆమె పనిచేసేది సుధాకరరావు కన్సల్టెన్సీలో. ఈ ప్రార్థన సహవాసానికి పెద్ద ఆయనే, ఈ ఇల్లూ ఆయనదే. హైదరాబాదు నుంచి ప్రోగ్రామర్లను రప్పించి ఈ పరాయి దేశపు బ్యాంకులకు ఇస్తుంటాడు. జావా నేర్చుకున్న ప్రతివాడికీ విమానం టిక్కెట్టు దొరుకుతున్న రోజులవి. కానీ ఈసారి రావలసిన ఆరుగురి ప్రాజెక్టూ రద్దయిందని ఆ ఫ్యాక్స్.

"నోరు మెదపబాకండి సిస్టర్, ఇంకోటి దొరుకుద్ది. ముందు రానీండి," అన్నాడు ఆ రోజే సుధాకరరావు.

ఆ ఆరుగురూ రేపు అక్కడి ఉద్యోగాలకు రాజీనామా ఇవ్వబోతున్నారు. వాళ్ళలో అమూల్య ఒకతి. ఆమె అన్న మహీధర్ ఎదురుగా చాప మీద కూర్చుని ఉన్నాడు, ముఖం వెలిగిపోతూ. చెబితే ప్రభావతి ఉద్యోగం ఊడుతుంది, దాంతోపాటే ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాసూ పోతుంది, నెల తిరక్కుండా పెట్టె సర్దుకోవాలి. చెప్పకపోతే ఆ పిల్లల బతుకులు రేపటితో గోతిలోనే.

ఆమె పుస్తకం మూసింది.

"ఆయన్ని దించిందెవరు? శత్రువులు కాదు, సొంతూరి పెద్దలు. నిజం చెప్పాడని." "నేనూ చెప్తున్నా. మన ఆరుగురు పిల్లలకీ ఇక్కడ పని లేదు. ప్రాజెక్టు పోయింది. రేపు రాజీనామాలు ఇవ్వొద్దని చెప్పండి."

అందరూ ఆమె మీదే విరుచుకుపడ్డారు.

"ఆదివారం పూట ఇదేం నోరమ్మా!"

"ఎదిగేవాళ్ళని చూసి ఓర్వలేకపోతే ఎట్టా?"

మహీధర్ లేచి నిలబడ్డాడు. "మా చెల్లి మూడు నెలలు ఉపవాసాలుండి ప్రార్థన చేసింది ఆంటీ. ఎందుకిట్టా చెడగొడతన్నారు?"

సుధాకరరావు మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. "సిస్టర్‌కి ఒంట్లో బాగోలేదు. పాఠం ఇక్కడితో ఆపుదాం. రేపట్నుంచి ఆఫీసుక్కూడా రావద్దులెండి, రెస్టు తీసుకోండి."

ఇందాక కళ్ళొత్తుకున్నావిడ తల తిప్పుకుంది. ప్రభావతి చెప్పులేసుకుని కారిడార్‌లోకి వచ్చి, లిఫ్టు బటన్‌ను కసిదీరా నాలుగుసార్లు నొక్కింది. వెనకే సుధాకరరావు భార్య తారాదేవి పరుగున వచ్చింది.

"మీరు చెప్పింది నిజమే వదినా," అంది గుసగుసగా. "ఆ ఆరుగురిలో మా తమ్ముడూ ఉన్నాడుగా, వాణ్ణి శుక్రవారమే ఆపేశారు ఈయన. మిగతావాళ్ళకీ చెప్పమంటే వినలా. నా పేరు మాత్రం ఎత్తబాకండి."

లిఫ్టు వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. ప్రభావతి ఎక్కలేదు. తారాదేవి చెయ్యి పట్టుకుని, చెప్పులతోనే ఇంట్లోకి లాక్కెళ్ళింది. ఆవిడ మీద జాలిపడే ఓపిక ఆమెకు లేదు.

"ఆరుగురు కాదు, ఐదుగురే!" అని అరిచింది. "ఈయన బావమరిదిని శుక్రవారమే ఆపేసుకున్నాడు. మీ పిల్లలు మునిగినా పర్లేదు, వాళ్ళవాడు గట్టున ఉంటే చాలు. ఇదిగో అక్కగారు, అడగండి!"

తారాదేవి తలెత్తలేదు. కాదనీ అనలేదు.

"నిజమా అన్నా?" అన్నాడు మహీధర్.

సుధాకరరావు చేతులు పైకెత్తాడు. "మనసులు కలత పడ్డప్పుడు ప్రార్థనే మందు బిడ్డలారా. కళ్ళు మూసుకుందాం."

అందరూ అలవాటుగా కళ్ళు మూసుకున్నారు. ప్రభావతి మూసుకోలేదు. మహీధర్ కూడా మూసుకోలేదు. కళ్ళు మూసుకున్నవాళ్ళ మధ్యలోంచి దాటుకుంటూ వెళ్ళి, ఆ ఇంటి ఫోనే అందుకుని హైదరాబాదు నంబరు నొక్కాడు.

"అమ్మూ, రేపు ఆ కాయితం ఇవ్వబాక," అన్నాడు, గదంతా వినపడేలా.

సుధాకరరావు ప్రార్థన గొంతు ఇంకాస్త పెంచాడు.