విభూది గదిలో ఏసీ

మా ఇంట్లో అందరికంటే చల్లగా బతికింది విభూది. అది మనిషి కాదు, చించిల్లా. ఎలుకకి అక్కా, కుందేలుకి చెల్లెలూ అన్నట్టుండే బూడిదరంగు జీవి. ఎత్తుకుంటే చేతిలో బొచ్చు తప్ప బరువు తెలియదు. దాని ఒంటికి నీళ్లు తగలకూడదు. షాపులో దానికని అమ్మే సన్నటి పొడిని గిన్నెలో పోసి పెడితే అందులో దొర్లి దొర్లి, ఇక స్నానం అయిపోయిందని లేచి వెళ్లిపోయేది. అందుకే మా అమ్మాయి వర్షిత దానికి ఆష్ అని పేరు పెట్టింది. నేను విభూది అన్నాను. ఏ పేరుకీ పలికేది కాదు. ఓట్స్ డబ్బా మూత చప్పుడైతే మాత్రం మహారాణిలా వచ్చి నిలబడేది.

ఎక్కడో చలికొండల జాతి. గది ఇరవై నాలుగు డిగ్రీలు దాటిందంటే దానికి ప్రాణం మీదికొస్తుంది. మాదేమో ఏడాదంతా ఉక్కపోసే ఈ పరాయి దేశంలో, బుకిట్ బటోక్‌లో పదకొండో అంతస్తు. పడమటి ముఖం ఫ్లాటు. మధ్యాహ్నం రెండయిందంటే గోడలు పెనాల్లా కాలతాయి. ఇలాంటి కొంపలోకి అలాంటి జీవిని ఎందుకు తెచ్చారని అడగొచ్చు. తెచ్చినప్పుడు మావారు శ్రీనాథ్‌కి బ్యాంకులో మంచి ఉద్యోగం ఉంది. వర్షిత పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకుంది. దాని పంజరం పెట్టిన వర్షిత గదిలో ఏసీ రాత్రింబవళ్లు నడిస్తే నడిచింది అనుకున్నాం.

ఫిబ్రవరిలో బ్యాంకువాళ్లు శ్రీనాథ్ టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ ఉంది కాబట్టి దేశం వదిలి పొమ్మనేవాళ్లు లేరు, అంతే. నేను చెప్పే లెక్కల ట్యూషన్ల మీద ఇల్లు నడపాల్సి వచ్చింది. మిగతా రెండు ఏసీలూ ఆపేసి, పరుపులు లాక్కొచ్చి, ముగ్గురం విభూది గదిలోనే పడుకోవడం మొదలుపెట్టాం. ఎవరి కోసం ఎవరు చల్లగా ఉన్నామో తెలియదు. వర్షిత బ్యాడ్మింటన్ క్లాసు మానిపించాం. విభూది గడ్డి, పొడి, చల్లగాలి జోలికి మాత్రం వెళ్లలేదు.

"ఉద్యోగం పోయింది నాకు, దానిక్కాదుగా" అన్నాడు శ్రీనాథ్. ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. ఆ ఏడాది నేను నవ్వింది అప్పుడే అనుకుంటాను.

విషయం ఎవరికీ చెప్పకూడదని నేను ఆర్డరు వేశాను. అడిగితే డాడీకి వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పాలి. "But that's lying what, Ma" అంది వర్షిత. దానికి పదమూడేళ్లు. "అబద్ధం కాదే, ఇంటి గుట్టు" అన్నాను. ఇక్కడ తెలుగువాళ్లందరం ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటాం. ఒకరికి తుమ్ము వస్తే ఇంకొకరు కషాయం రాసి పంపిస్తారు. వాళ్ల జాలి నాకొద్దు. నా పరువు నాకు ముఖ్యం. అలాగే అనుకున్నాను, దాచేదేముంది.

జూన్‌లో విభూది తిండి మానేసింది. పళ్లు పెరిగిపోయి నోట్లో గుచ్చుకుంటున్నాయి. క్లినిక్‌కి తీసుకెళ్తే మత్తిచ్చి అరగదీయాలన్నారు. ముందు ఎక్స్‌రే తీయాలట. అది తర్వాత తీయించుకోవచ్చా అని నేను గొంతు తగ్గించి అడిగాను. అక్కడ సహాయకురాలిగా ఉన్న ఆవిడ తలెత్తి చూసింది. యాభై ఏళ్లుంటాయి. షర్టు మీద మాలిని అని పేరు.

"తెలుగోళ్లేనా మీరు? మాది మలేసియా అమ్మా, పేరాక్ పక్క. పనికని ఈడికొచ్చి ఇరవై ఏళ్లాయ" అంది. ఇంకెవరూ వినకుండా దగ్గరికొచ్చి, "తప్పుగా అనుకోవద్దు. నాకాడ ఇట్లాంటివి రెండుండాయి, బిషాన్‌లో. వాటికోసరం ఏర్‌కాన్ ఎట్టాగూ నడుస్తానే ఉంటది. మూడోది బరువు కాదు. మీకు కుదురుబాటు అయ్యేదాకా దీన్ని నాకాడ ఉంచండి. పాప శనాదివారాలు వచ్చి చూసుకోని, మాయింట్లోనే ఇంత అన్నం మాకాన్ చేసి పోతది" అంది.

వర్షిత నా మొహంలోకి చూసింది. ఆ చూపులో ఆశ ఉంది, నాకు కనబడింది. అయినా నా ఒళ్లు మండింది. ఎక్స్‌రే వాయిదా అడిగినంత మాత్రాన మేం లేనివాళ్లమైపోయామా?

"మాకేం ఇబ్బంది లేదండీ. మావారు పెద్ద ప్రాజెక్టులో ఉన్నారు, టైమ్ లేకే" అన్నాను. ఎక్స్‌రే కూడా తీయించి, ఆవేళే పళ్లు అరగదీయించాను.

ఆవిడ ఏమీ అనుకోకుండా నంబరు రాసిచ్చింది. ఇంటికొచ్చాక వర్షిత ఒక్కటే అడిగింది, "ఆంటీకి ఇస్తే ఏమవుతుంది, Ma? It's not forever." ఇవాళ ఆవిడకి తెలిస్తే రేపు అందరికీ తెలుస్తుందన్నాను. అది మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

జూలైలో మా గ్రూపులో పెద్దాయన జగన్మోహనరావు అంకుల్ జురాంగ్ వెస్ట్‌లో కొత్త ఫ్లాటు కొనుక్కుని సత్యనారాయణ వ్రతానికి పిలిచారు. ఆయనకి బ్యాంకుల్లో తెలియనివాళ్లు లేరు. మాటల్లో మాటగా శ్రీనాథ్ సంగతి కదపొచ్చని నా ఆలోచన. ఉన్నవాటిలో మంచి చీర కట్టాను. శ్రీనాథ్ చేత పట్టు పంచె కట్టించాను. ఆలస్యమైపోతోందని, వెండి కుందుల ప్యాకెట్టు వర్షిత చేతిలో పెట్టి, వెళ్లి లిఫ్టు ఆపమని గదమాయించాను.

నేను ఆఖర్న బయటికొచ్చాను. ఇల్లు వదిలేటప్పుడు ఆఖరి మనిషి అన్నీ కట్టేసి, ఒకసారి వెనక్కి చూసుకుని తాళం వేయాలని మా అమ్మ నేర్పింది. గ్యాసు, గీజరు, ఫ్యాన్లు, లైట్లు. ఫిబ్రవరి నుంచి ఈ పని నాకు పూజలాగా తయారైంది, ఫోను ఛార్జరు కూడా వదిలేదాన్ని కాదు. ఈ ఐదు నెలల్లో ముగ్గురం ఒకేసారి బయటికి వెళ్లింది లేదు, శ్రీనాథ్ ఎప్పుడూ ఇంట్లోనే ఉండేవాడు. అందుకని విభూది గది నా చేతికి ఎప్పుడూ అడ్డు రాలేదు. ఆవేళ వచ్చింది. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

వ్రతం అయ్యేసరికి ఒంటిగంట. ప్రసాదం తింటుంటే వర్షిత వచ్చి, "Ma, room aircon on కదా?" అంది. "ఆఁ, ఆఁ" అన్నాను. నా చూపంతా జగన్మోహనరావు అంకుల్ ఎప్పుడు ఖాళీ అవుతారా అని.

మూడింటికి ఆయనే వచ్చి పక్కన కూర్చున్నారు. "శ్రీనాథ్ రెజ్యూమే ఇంకా పంపలేదేంటమ్మా? ఉద్యోగం పోయిన సంగతి మాకు మార్చిలోనే తెలుసు. మీరే చెప్తారని ఊరుకున్నాం" అన్నారు. ఆయన భార్య సత్యవాణి ఆంటీ నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఆ హాల్లో అందరికీ తెలుసు. నేను ఐదు నెలలుగా కాపాడుకుంటూ వచ్చిన గుట్టుని వీళ్లంతా నన్ను నొప్పించకూడదని ఎరగనట్టు నటిస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వెనకే, ఏమిటో, భుజాల మీద మూట దించినట్టూ అయింది.

తిరుగు బస్సులో ఫోను తీసి మాలినికి మెసేజ్ పెట్టాను. మావారికి ఉద్యోగం లేదండీ, కొన్నాళ్లు దాన్ని మీ దగ్గర ఉంచగలరా అని. ఒక్క నిమిషంలో జవాబొచ్చింది. ఈరోజే తీసుకుని రండి, ఇంట్లోనే ఉంటాను అని. వర్షితకి చూపించాను. బస్సులో అందరూ చూస్తుండగా నా మెడ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఎన్నాళ్లయిందో.

తలుపు తీయగానే మొహం మీదికి వేడి కొట్టింది. నాకు అప్పుడే అర్థమైంది. వర్షిత చెప్పులు కూడా విప్పకుండా గదిలోకి పరిగెత్తింది.

విభూది పంజరం అడుగున పక్కకి ఒరిగి ఉంది. చెవులు ఎర్రగా కందిపోయాయి. శ్రీనాథ్ దాన్ని పట్టు పంచె మీద వేసుకుని, తడి తువ్వాలుతో చెవులు తుడుస్తూ, పేరు పెట్టి పిలుస్తూ కూర్చున్నాడు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది, కానీ అది గది వేడి.

"ఏసీ ఎవరు కట్టేశారు?" అన్నాడు చివరికి.

"నేనే" అన్నాను. "చూసుకోలేదు. చూసుకోకుండా కట్టేశాను." మతిమరుపని, అలవాటని ఏదో చెప్పబోయాను. వర్షిత నాకేసి చూస్తోంది. ఐదు నెలలుగా ప్రతి స్విచ్చు దగ్గరా నేను పెట్టిన గోల దానికి తెలుసు. కావాలని కట్టేశానని అనుకుంటోందా? అడిగే ధైర్యం లేకపోయింది. అది ఏడ్చినా, నన్ను తిట్టినా బాగుండేది.

అప్పుడే నా ఫోను మోగింది. మాలిని. ముందు నేనే నిజం చెప్పాలనుకున్నాను, నా చేతులారా చంపుకున్నానని. ఈ ఒక్కటైనా దాచకుండా చెప్పాలనుకున్నాను. నేను అందుకునేలోపే వర్షిత తీసుకుంది.

"హలో ఆంటీ. మేం రావట్లేదు" అంది. గొంతు వణకలేదు. "ఆష్ పోయింది. లేదాంటీ, రూమ్ చల్లగానే ఉంది. అమ్మ బాగానే చూసుకుంది. It was quite old already, నిద్రలోనే పోయింది lah. ఫర్వాలేదు ఆంటీ, థ్యాంక్యూ."

పదిహేనేళ్లు బతికే జాతి, విభూదికి ఇంకా మూడేళ్లు నిండలేదు. ఫోను ఇమ్మని చెయ్యి చాచాను. వర్షిత కాల్ కట్ చేసి, ఫోను నా చేతిలో పెట్టి, వాళ్ల నాన్న పక్కన నేల మీద కూర్చుంది.