పాల కేంద్రం ముందు మీటింగు

కోడలు గ్రామీణాభివృద్ధి మేనేజ్‌మెంట్ కోర్సులో చేరతానన్నప్పుడు అత్తగారు కుట్టుమిషను ఆపి మరీ నవ్వింది. "ఊళ్ళని నడపడానికి కూడా చదువులొచ్చాయా అమ్మాయీ? అవి వాటంతటవే నడుస్తున్నాయిగా!"

అయినా రెండో ఏడు ఫీల్డువర్కుకి కోడలు ఓ ఊళ్ళో నెల్లాళ్ళు ఉండాల్సి వచ్చేసరికి, చంటి మనవరాల్ని ఎత్తుకుని వెంట బయల్దేరింది ఆవిడే. నోరు పెద్దదే గానీ మనసు వెన్న.

ఆ ఊళ్ళో పాల సంఘం ఉంది. పాలు పితికేది ఆడవాళ్ళు, మీటింగుల్లో కూర్చునేది మగవాళ్ళు. కోడలు సంఘం ఆఫీసులో సాయంత్రం మీటింగు పెట్టించి, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళని పిలిచొచ్చింది. ఒక్కరంటే ఒక్కరు రాలేదు.

"నే చెప్పలా? వాళ్ళకివేం పట్టవు," అన్నాడు సంఘం ప్రెసిడెంటు మీసం దువ్వుకుంటూ.

కోడలి మొహం చిన్నబోయింది. అత్తగారికి ఒళ్ళు మండింది గానీ, పరాయి ఊరు కదా అని పళ్ళ బిగువున ఊరుకుంది.

మర్నాటి నుంచి కోడలు తెల్లారకముందే పశువుల పాకల వెంట పడింది. పేడ ఎత్తింది, గడ్డి వేసింది, ఓ గేదె చేత తన్నులూ తింది. వారం తిరిగేసరికి సంగతి బోధపడింది. మీటింగు పెట్టిన వేళకే వాళ్ళు పాలు పితకాలి. ఇంకెలా వస్తారు?

"అయితే మీటింగే వాళ్ళ దగ్గరికి వెళ్తుంది అత్తయ్యా," అంది.

ఈసారి మీటింగు పొద్దున్నే, పాల కేంద్రం ముందు, ఆడవాళ్ళు పాల క్యాన్లతో వరసలో నిలబడ్డచోటే జరిగింది. కుర్చీల్లేవు. ప్రెసిడెంటూ నిలబడక తప్పలేదు. ఆడవాళ్ళు చాలాసేపు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. కోడలు తొందరపడలేదు. చివరికో పొడుగాటావిడ నోరు విప్పింది.

"పశువుల డాక్టరు మధ్యాహ్నం వస్తాడు. అప్పుడు మేం పొలాల్లో ఉంటాం. పొద్దున్నే ఇక్కడికే రావచ్చుగా?"

"డాక్టరుగారు పొద్దున్నే రారమ్మా," అన్నాడు ప్రెసిడెంటు, కోడలికేసి చూస్తూ.

కోడలు పొడుగాటావిడ వైపు తిరిగి, "ఏమంటారక్కా?" అంది.

"ఆయన్నెప్పుడైనా అడిగారా?" అంది ఆవిడ.

ప్రెసిడెంటు ఫోను కోసం జేబు తడుముకున్నాడు. అందరూ గొల్లుమన్నారు. అక్కడికక్కడే ఫోను కలిపారు. "నాకేం, ఎండన పడి రాకుండా బతికిపోతాను. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదే!" అన్నాడు డాక్టరు.

బసకి వచ్చాక అత్తగారు ఉండబట్టలేకపోయింది. "ఆ ప్రెసిడెంటు నీకేసి చూసినప్పుడు నువ్వే కడిగేయొచ్చుగా?"

"నాలిక చివరిదాకా వచ్చింది అత్తయ్యా. మాకు నేర్పేవాటిల్లో ఊరుకోవడమే కష్టం. నెలయ్యాక నేను వెళ్ళిపోతాను. అడగడం వాళ్ళకి అలవాటు కావాలి కదా."

అత్తగారైతే మొదటి మీటింగు రోజే నలుగురితో తగువేసుకుని సామాను సర్దేసేది. ఇంత ఓర్పు ఈ పిల్లకెక్కడిదో! చంటిదాన్ని ఒళ్ళోంచి దించి, వేడివేడిగా అన్నం వడ్డించి కోడలి ముందు పెట్టింది.

చదువయ్యాక కోడలికి ఆ చుట్టుపక్కల పాల సంఘాల సమాఖ్యలోనే ఉద్యోగం వచ్చింది. ఆ ఏడే పొడుగాటావిడ కమిటీలోకి ఎన్నికై, వచ్చీరాగానే ప్రెసిడెంటుతో వాదన పెట్టుకుందట. ఆ కబురు విని కోడలికంటే అత్తగారే ఎక్కువ మురిసిపోయింది. కత్తెర పక్కన పడేసి, వీధి వీధంతా చెప్పొచ్చింది.