జవాబు రాని రెండు రోజులు

ఫిర్దోస్ పులివెందులలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆరేళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పింది. ప్రశ్నపత్రంలో తప్పుందని నలుగురిలో ప్రిన్సిపాల్‌కు చెప్పినందుకు, ఆ ఏడాదితోనే ఆమెను పంపించేశారు. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఇంట్లోనే కూర్చుని, ఆఫీసంటూ ఎక్కడా లేని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటర్వ్యూ ఇస్తోంది.

ఇంటర్వ్యూ అంటే వారం రోజుల పని. ఫోన్లు లేవు, మొహాలు చూసుకోవడం లేదు, ఏ మాటైనా రాతలోనే. పని చూసి మార్కులేసేది ఇమ్తియాజ్ అనే ఆయన.

"మనిషిని సూడకుండా ఉద్యోగం యాడన్నా ఇస్తారా?" అంది తల్లి షరీఫా.

"ఈళ్లు ఇస్తారంట అమ్మీ."

మందులు వేసుకునే వేళకు రోగుల ఫోన్లకు సందేశాలు పంపే కంపెనీ అది. ఆ సందేశాలు తెలుగులో కూడా వెళ్లేలా చేయడం ఫిర్దోస్‌కు ఇచ్చిన పని. బుధవారం పొద్దున పాత కోడ్ చదువుతూ ఒకచోట ఆగిపోయింది. రోగి ఫోన్ నంబరు మార్చుకున్నా సందేశాలు పాత నంబరుకే పోతున్నాయి. మూడుసార్లు నడిపి చూసింది. మూడుసార్లూ అంతే.

ఆమెను అడిగిన పని అది కాదు. చెబితే మళ్లీ ఏం మూడుతుందో! కానీ ఎక్కడో ఎవరో మాత్ర మరిచిపోయి కూర్చుని ఉంటారు. నాలుగు వాక్యాలు రాసి, చెరిపి, మళ్లీ రాసి పంపేసింది. నిమిషంలో ఇమ్తియాజ్ చూసినట్టు గుర్తు కనిపించింది. జవాబు మాత్రం లేదు.

ఆ పూటంతా ఆమెకు కాలు నిలవలేదు. మిద్దె ఎక్కింది, దిగింది. తోమిన గిన్నెలే మళ్లీ తోమింది.

"ఏందే, కాలు కాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు? ఆ ఫోను ఈడ పెట్టు."

"జవాబు రాలేదమ్మీ."

"పని యాదన్నా చెడగొట్టినావా?"

"లేదు. ఆళ్లు చెడగొట్టింది చెప్పినా."

షరీఫా నెత్తి కొట్టుకుంది. "మళ్లీనా!"

గురువారం కూడా అదే నిశ్శబ్దం. తెలుగు పని మీద మనసు నిలవక, ఆ తప్పును సరిచేసే దారి వెతికి రాసి అదీ పంపింది. తన పని సగంలోనే ఉండిపోయింది.

శుక్రవారం పదకొండు గంటలకు ఉన్నట్టుండి వీడియో కాల్ వచ్చింది. తెర మీద కళ్లు ఎర్రబడిన నడివయసు మనిషి.

"ఫిర్దోస్ గారూ, నేను ఇమ్తియాజ్. మాది కర్నూలు. ఆ కోడ్ రాసింది నేనే."

ఆమె గబగబా చున్నీ సర్దుకుంది.

"పద్నాలుగు నెలలుగా ఆ తప్పు ఎవరికీ కనపడలేదు. రెండు రోజులుగా నంబరు మారిన రోగులందరికీ ఫోన్లు చేయిస్తున్నాం. మీకు ఒక్క ముక్కయినా రాయాల్సింది. నిజం చెప్పాలంటే మొహం చెల్లలేదు."

"నేను నిద్ర కూడా పోలేదు సార్," అంది ఫిర్దోస్. ఆ గొంతులోని కోపం ఆమెకే కొత్తగా వినిపించింది.

"తప్పు నాదే." ఆయన తల దించుకున్నాడు. "మీ తెలుగు పని పూర్తి కాలేదు, దానికి మార్కులు తగ్గించాను. అయినా మిమ్మల్ని తీసుకుంటున్నాం. సోమవారం నుంచి వచ్చేయండి."

"యాడికి రావల్ల సార్?"

నోరు జారాక గానీ ఆఫీసే లేదన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు.

కాల్ ముగిసినా కూర్చోలేకపోయింది. ఈ మాట బజారుకెళ్లిన అమ్మీకి చెప్పాలని చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తింది.