దొరసాని అలక

లిఫ్టులు బాగుచేసే ఆ పెద్దమనిషికి రోజంతా కరెంటుతోనే కాపురం. అలాంటివాడు సొంత ఇంట్లో, సొంత పిల్లికి షాకు కొట్టించాడంటే ఎవరితో చెప్పుకుంటాడు?

కొత్త ఫ్లాటు. చలి మొదలవగానే కిటికీల సందులకు తనే రబ్బరు పట్టీలు అంటించాడు. "చీమక్కూడా దారి దొరకదు" అని వచ్చినవాళ్లందరికీ చూపించాడు. హాల్లో హీటరు పొద్దస్తమానం వెలుగుతూనే ఉండేది. దాంతో ఇంట్లో గాలి ఎండిపోయింది. పెదాలు పగిలాయి, నిద్ర లేస్తే గొంతు గరగర. అవేవీ అతను పట్టించుకోలేదు.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, ఉన్ని మేజోళ్లతో తివాచీ మీద కాళ్లీడ్చుకుంటూ వెళ్లి దొరసాని ముక్కు నిమరబోయాడు. చిటుక్కుమంది. దొరసాని అంటే వాళ్ల పిల్లి. ఒక్క గెంతు గెంతి బీరువా ఎక్కి కూర్చుంది. ఆనాటి నుంచి అతను సోఫాకి ఈ చివర కూర్చుంటే, అది ఆ చివర నుంచి లేచిపోయేది.

అతని ప్రాణం ఉసూరుమంది. కూనగా ఉన్నప్పుడు దాన్ని లిఫ్టు గుంతలోంచి చొక్కాలో దాచి తెచ్చింది అతనే మరి.

"లిఫ్టుల్లో కరెంటు చాలక ఇంటికి కూడా మోసుకొస్తున్నారా?" అంది భార్య, దొరసాని మెడ గోకుతూ.

అదే అతనికి అంతుపట్టలేదు. అదే పిల్లి, అదే తివాచీ. ఆవిడ ముట్టుకుంటే చిటుక్కుమనదేం? వైరింగంతా విప్పి చూశాడు. భేషుగ్గా ఉంది.

ఇంతలో అత్తగారు చుట్టపుచూపుగా వచ్చింది. ఒక్క రాత్రికే ఆవిడ ముక్కు భగ్గుమంది.

"అల్లుడుగారూ, ఇది ఇల్లా, బట్టీయా? గాలిలో తడనేది లేకపోతే షాకులు కొట్టక ముద్దులు పెడుతుందా?" అని హీటరు తగ్గించి, ఉతికిన దుప్పట్లు తెచ్చి హాల్లోనే తాడు కట్టి ఆరేసింది.

"కొత్త గోడలత్తయ్యా! చెమ్మ పడతాయి."

"చెమరిస్తే కాసేపు కిటికీ తెరుద్దాం. మీ చీమలు కూడా సంతోషిస్తాయి."

వారం తిరక్కుండానే పెదాలు మెత్తబడ్డాయి. తలుపు పిడి పట్టుకుంటే చురుక్కుమనడం పోయింది. దొరసాని మాత్రం అలక మానలేదు.

ఒకరోజు అతను వంటింట్లో నీళ్లు తాగుతున్నాడు. భార్య వచ్చి కుళాయిని ఊరికే ఒకసారి తాకి, వెళ్లి పిల్లిని ఎత్తుకుంది. నీళ్లు పట్టలేదు, చెయ్యి కడగలేదు.

"కుళాయి ఎందుకు ముట్టుకున్నావు?"

ఆవిడ నాలిక్కరుచుకుంది. ఇక దాచలేక నవ్వేసింది. "పిల్లికన్నా ముందు కుళాయిని ముట్టుకుంటే ఆ చిటుక్కేదో అక్కడే పోతుంది. మొదట్లో నాకూ తగిలేది. ఇప్పుడు అవసరం లేకపోయినా అలవాటైపోయింది."

"ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?"

"మెకానిక్కుకి నేను చెప్పాలా? అయినా ఇన్నేళ్లూ దొరసాని మీ వెంటే తిరిగింది. ఒక్క చలికాలమైనా నన్ను దాని యజమానురాలిగా ఉండనివ్వండి."

హాల్లోంచి అత్తగారు పకపకా నవ్వింది. మూతి ముడుచుకుందామనుకున్నాడు గానీ, ఆ చివరి మాటకి అతని కోపం నిలవలేదు.

ఆ ఆదివారం దుప్పట్లు తనే ఆరేసి, వాటి కింద నేల మీద చతికిలబడ్డాడు. దొరసాని వచ్చి అతని వేలు వాసన చూసింది. ముక్కు వెనక్కి లాక్కుంది. మళ్లీ చూసింది. ఏమనుకుందో ఏమో, ఒళ్లోకెక్కి ముడుచుకు పడుకుంది.

"భోజనం చల్లారిపోతోంది, రండి!" భార్య కేకేసింది.

కాళ్లు తిమ్మిరెక్కినా అతను కదలడం లేదు. ఆవిడ వచ్చి చూసి, "ద్రోహి" అని పిల్లిని తిట్టి, కంచం తెచ్చి మొగుడి చేతికిచ్చింది.